నరాల గాయం తర్వాతి జీవితం: రోగి చేతిలోని కెమెరా చెప్పేదేమిటి?

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): మెడ నుంచి చేతిలోకి దిగే నరాలు తెగిన వ్యక్తికి ఆసుపత్రిలో ఎన్నో పరీక్షలు చేస్తారు. కండరంలో ఎంత బలం మిగిలింది, మోచేయి ఎంత మేర వంగుతోంది, స్పర్శ ఎక్కడి దాకా తెలుస్తోంది అన్నవి అంకెల్లో తేలుతాయి. అదే వ్యక్తి ఇంటికి చేరాక అన్నం ఎలా కలుపుకుంటున్నాడు, చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు, రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకుంటున్నాడు అన్నవి మాత్రం ఏ నివేదికలోనూ ఉండవు. ఈ లోటును పూడ్చేందుకు వైద్య, సామాజిక శాస్త్ర పరిశోధకులు అనుసరిస్తున్న మార్గాల్లో ఒకటి రోగి చేతికే కెమెరా ఇవ్వడం. రోగి తన దైనందిన జీవితాన్ని తానే ఫొటోలు తీస్తాడు. వాటిని ముందుంచుకుని తానే వివరిస్తాడు. వైద్యులు, చికిత్సకులు, కుటుంబ సభ్యులు, అధికారులు వింటారు.

చూడటానికి ఇది చిన్న ప్రయోగం. కానీ గాయపడిన వ్యక్తికి దక్కే చికిత్స, పరిహారం, ఉద్యోగం ఆ గాయాన్ని ఇతరులు ఎంతవరకు అర్థం చేసుకున్నారన్న దానిపైనే ఆధారపడి ఉంటాయి. ఉక్కు కర్మాగారం చుట్టూ అల్లుకున్న భిలాయ్ వంటి పట్టణంలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది.

ఉక్కు పట్టణం, చేతుల శ్రమ

సోవియట్ యూనియన్ సహకారంతో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఇక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశంలోని రైలు పట్టాల తయారీలో ఈ కర్మాగారానిదే పెద్ద పీట. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. రాయపూర్-విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్ర పల్లెలను ఈ పట్టణానికి దగ్గర చేసింది. సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్‌లో రెండు, మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బయట హిందీ, ఇరుగుపొరుగుతో ఛత్తీస్‌గఢీ వారి నిత్య వ్యవహారం.

ఇక్కడి జీవనం చేతుల శ్రమ మీద నిలిచింది. యంత్రాల వద్ద పని, ఎత్తైన చోట వెల్డింగ్, బరువుల ఎత్తివేత, విద్యుత్ మరమ్మతులు, ఇవన్నీ చేతికి, భుజానికి ప్రమాదం పొంచి ఉన్న పనులే. పట్టణం మధ్యగా సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డుపై ద్విచక్ర వాహనాల రద్దీ దీనికి తోడు. సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కర్మాగార ఉద్యోగులకు దశాబ్దాలుగా ప్రధాన వైద్యాలయం. కాలిన గాయాల చికిత్సకు దానికి పేరుంది. తీవ్రమైన కాలిన గాయాలు, ముఖ్యంగా విద్యుదాఘాతాలు, చర్మంతో ఆగకుండా లోపలి నరాలనూ దెబ్బతీస్తాయి.

చేతి నరాలకు తగిలే అతి తీవ్రమైన గాయాలకు మాత్రం ప్రధాన కారణం రోడ్డు ప్రమాదాలే. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు. గాయపడిన వారి సంఖ్య 4,43,366. ప్రాణాలతో బయటపడినవారిలో ఎంతమంది చేయి పడిపోయి ఇంటికి వెళ్లారో ఈ అంకెలు చెప్పవు.

లోపల జరిగేదేమిటి?

వెన్నుపాము నుంచి మెడ భాగంలో వెలువడే అయిదు నుంచి ఎనిమిదో నరమూలాలు, ఛాతీ భాగంలోని మొదటి నరమూలం, ఈ అయిదూ కలిసి విడిపోతూ చంక వైపు ఒక అల్లికగా దిగుతాయి. దీన్ని వైద్యులు బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం ఎత్తడం, మోచేయి మడవడం, పిడికిలి బిగించడం, వేలి కొసతో వేడిని గుర్తించడం, అన్నీ ఈ అల్లిక చలవే. మోటారు సైకిల్ మీద నుంచి ఎగిరిపడినప్పుడు తల ఒకవైపు, భుజం మరోవైపు బలంగా వంగితే ఈ నరాలు సాగుతాయి, తెగుతాయి. కొన్నిసార్లు మొక్కను వేళ్లతో పెకలించినట్లు వెన్నుపాము నుంచే ఊడివస్తాయి.

బ్రిటన్ వైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో నరాల గాయాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటి దానిలో నరం తాత్కాలికంగా పనిచేయడం ఆపుతుంది, తనంతట తానే కోలుకుంటుంది. రెండో దానిలో లోపలి తంతువులు తెగినా పైతొడుగు నిలుస్తుంది కనుక ఆ దారి వెంట అవి తిరిగి పెరగగలవు. మూడో దానిలో నరం పూర్తిగా తెగుతుంది. శస్త్రచికిత్స లేకుండా ఉపయోగకరమైన కోలుకోలు ఆశించలేం. వేళ్లతో ఊడిన నరమూలాలను తిరిగి అదే చోట నాటి మునుపటి స్థితికి తేవడం నేటికీ సాధారణ చికిత్సలో సాధ్యం కాదు.

తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి వేళ్ల దాకా 75 సెంటీమీటర్లు అనుకుంటే ఆ దూరం నడవడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. నరం అందని కండరం అంతకాలం ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి అది క్షీణించి, నరం చేరినా స్పందించలేని స్థితికి వస్తుంది. అందుకే గాయమైన మూడు నుంచి ఆరు నెలల లోపు శస్త్రచికిత్స జరగడం మేలని నిపుణులు చెబుతారు. ఫ్రాన్స్ వైద్యుడు క్రిస్టోఫ్ ఒబెర్లిన్ 1994లో వివరించిన పద్ధతిలో, పనిచేస్తున్న నరంలోని ఒక పోగును అరువు తీసుకుని మోచేతిని మడిచే కండరం నరానికి కలుపుతారు. పక్కటెముకల మధ్య నరాలను మళ్లించడం, తొడ నుంచి కండరాన్ని తెచ్చి చేతిలో అమర్చడం ఇతర మార్గాలు.

ఇక్కడే వైద్యుడి కొలతకూ రోగి అనుభవానికీ మధ్య ఎడం మొదలవుతుంది. శస్త్రవైద్యుడి మొదటి లక్ష్యం మోచేయి మడవగలగడం, తర్వాత భుజం, చివరికి వేళ్లు. కండర బలాన్ని సున్నా నుంచి అయిదు వరకు కొలిచే పద్ధతిలో, భూమ్యాకర్షణను తట్టుకుని మోచేయి పైకి లేస్తే మూడు మార్కులు. చాలా అధ్యయనాల్లో అది విజయం కిందే లెక్క. రోగి దృష్టిలో అది వేరు. మోచేయి వంగినా వేళ్లు పట్టుకోకపోతే ముద్ద నోటికి చేరదు. ఇద్దరి మాటా నిజమే. వారి కొలమానాలు వేరు.

ఒకే మాట, రెండు అర్థాలు

రోగి తన బాధను చెప్పుకోవడానికి భాష కూడా సులువుగా లొంగదు. తెలుగు వాడుకలో "నరం" అంటే నాడి మాత్రమే కాదు. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకడం లేదు" అన్నప్పుడు ఆ నరం రక్తనాళం. "మెడ నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. హిందీలో "నస్" అనే మాటదీ ఇదే తీరు. "చేతి నరాలు తెగాయి" అని విన్న కుటుంబం రక్తనాళాలను కుట్టారు కదా, ఇక తగ్గిపోతుందని అనుకోవచ్చు. చేయి వాలిపోతే పక్షవాతమని భావించి నూనెల మర్దనలతో నెలలు గడపవచ్చు. శస్త్రచికిత్సకు అనువైన కాలం అలా చేజారుతుంది.

నొప్పి విషయం మరీ చిక్కు. స్పర్శ లేని చేతిలో భరించలేని నొప్పి పుట్టడం నరమూలాలు ఊడినవారిలో తరచూ కనిపిస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో క్షతగాత్రులకు చికిత్స చేసిన సైలాస్ వీర్ మిచెల్ ఈ మండే నొప్పిని నమోదు చేసి, 1872లో నరాల గాయాలపై గ్రంథం ప్రచురించారు. దీన్ని చెప్పేందుకు తెలుగులో మాటలకు కొదవ లేదు. తిమ్మిరి, మంట, సలపరం, పోటు, గుంజుడు, జివ్వుమనడం, సూదులతో పొడిచినట్లుండటం, కరెంటు కొట్టినట్లుండటం, ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. తిమ్మిరికీ మొద్దుబారడానికీ మధ్య తేడా వైద్యుడికి ముఖ్యమైన ఆధారం. ఇంట్లో తెలుగు మాట్లాడే కార్మికుడు ఆసుపత్రిలో హిందీలో చెప్పి, అది కేస్ షీటులో ఇంగ్లిష్‌లోకి మారేసరికి ఈ అన్నిటికీ కలిపి "నొప్పి" అనే ఒక్క మాట మిగులుతుంది. మాట తడబడిన చోట ముందున్న ఒక ఫొటో సంభాషణకు పట్టు ఇస్తుంది. "ఇదిగో, ఈ సమయంలో, ఈ పని దగ్గర" అని చూపించే వీలు కలుగుతుంది.

పద్ధతి ఎక్కడ పుట్టింది?

ఫొటోలను చూపుతూ మనుషులతో మాట్లాడించే పద్ధతిని అమెరికా మానవ శాస్త్రవేత్త జాన్ కాలియర్ 1957లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. అందులో ఫొటోలు తీసింది పరిశోధకులే. మరో అడుగు ముందుకు వేసి కెమెరాను ప్రజల చేతికే ఇచ్చినవారు కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్. చైనాలోని యునాన్ రాష్ట్రంలో 1990ల తొలి సంవత్సరాల్లో 60 మందికి పైగా గ్రామీణ మహిళలకు కెమెరాలు ఇచ్చి తమ ఆరోగ్యాన్ని, శ్రమను, పిల్లల సంరక్షణను ఫొటోలు తీయమన్నారు. ఆ ఫొటోలు, వాటి వెనుక కథలు స్థానిక అధికారుల ముందుకు వెళ్లాయి. 1997లో ఆ ఇద్దరూ ఈ పద్ధతి సూత్రాలను "ఫొటోవాయిస్" పేరుతో విపులంగా ప్రచురించారు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరే ఆలోచనలు, స్త్రీవాద సిద్ధాంతం, డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ దీనికి మూలాలుగా వారు పేర్కొన్నారు.

బ్రిటన్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్ 1982లో రొమ్ము క్యాన్సర్ బయటపడ్డాక తన శరీరాన్ని, చికిత్సను తానే చిత్రీకరించారు. వైద్య వ్యవస్థ ముందు రోగి కేవలం ఒక "కేసు"గా మిగిలిపోవడాన్ని ఆ ఫొటోలు ప్రశ్నించాయి. ఆనాటి నుంచి మధుమేహం, మానసిక అనారోగ్యం, వెన్నుపాము గాయాలు, మెదడు గాయాలు వంటి అనేక స్థితుల్లో రోగుల ఫొటోలు పరిశోధనలో భాగమయ్యాయి. నరాల గాయానికి ఇది ప్రత్యేకంగా సరిపోతుంది. ఎందుకంటే ఆ గాయం చర్మం పైకి పెద్దగా కనిపించదు. కట్టు విప్పాక చేయి చేయిలాగే ఉంటుంది.

అయిదు ప్రశ్నలు

ఈ పద్ధతిలో సాధారణంగా పది మంది లోపు చిన్న బృందం ఉంటుంది. మొదటి సమావేశంలో కెమెరా వాడకంతో పాటు, ఎవరిని ఫొటో తీయవచ్చు, ఎవరి అనుమతి అడగాలి, ఎక్కడ తీయకూడదు అన్నవి చర్చిస్తారు. తర్వాత ఒకటి రెండు వారాలు పాల్గొన్నవారు తమ ఇష్టం మేరకు ఫొటోలు తీస్తారు. "మీ రోజులో కష్టమైనది", "మీకు తోడ్పడేది" వంటి విశాలమైన సూచనలే తప్ప ఇది తీయండి, అది వద్దు అన్న ఆదేశాలు ఉండవు. తీసిన వాటిలో ముఖ్యమైన కొన్నింటిని ఎంచుకునేది కూడా వారే.

ఎంచుకున్న ప్రతి ఫొటో ముందూ అయిదు ప్రశ్నలు నిలుస్తాయి. ఇందులో ఏం కనిపిస్తోంది? నిజానికి ఇక్కడ ఏం జరుగుతోంది? ఇది మన జీవితాలతో ఎలా ముడిపడి ఉంది? ఈ పరిస్థితి ఎందుకు ఏర్పడింది? దీని గురించి మనం ఏం చేయగలం? మొదటి ప్రశ్నకు జవాబు తేలిక: ఒక గిన్నె, ఒక తలుపు, ఒక బస్సు మెట్టు. రెండోదానికి వచ్చేసరికి చూసేవారికీ తీసినవారికీ మధ్య తేడా బయటపడుతుంది. నాలుగోది వ్యక్తి నుంచి వ్యవస్థ వైపు దృష్టి మళ్లిస్తుంది. అయిదోది ఫిర్యాదును ప్రతిపాదనగా మారుస్తుంది.

ఒక చేయి పనిచేయని వ్యక్తికి ఫొటో తీయడమే ఒక పని అన్న సంగతి గమనించదగినది. ఫోను పట్టుకోవడానికి ఒక చేయి, తెర తాకడానికి మరో చేయి సహజంగా వాడతాం. ఒకే చేత్తో తీసేవారు ఫోన్‌ను గోడకు, గ్లాసుకు ఆనిస్తారు. పక్కనున్న శబ్దం బటన్‌నో టైమర్‌నో వాడతారు. లేదా ఇంట్లోవారిని పిలుస్తారు. వంకరగా, కదిలి, అస్పష్టంగా వచ్చిన ఫొటో కూడా అందుకే పారేయదగినది కాదు. అది ఎలా తీశారన్న ప్రశ్నే రోగి రోజువారీ ఉపాయాలను బయటికి తెస్తుంది.

చిత్రంలో బయటపడే సంగతులు

తెలుగు ఇంట్లో అలాంటి ఫొటోలు ఏం చూపగలవో ఊహించడం కష్టం కాదు. కుడిచేయి పడిపోయిన వ్యక్తి ముందున్న కంచం ఒకటి. తినడానికి కుడిచేయి, శుభ్రతకు ఎడమచేయి అన్న విభజన మన ఇళ్లలో చిన్ననాడే నేర్పుతారు. రెండు పనులకూ ఒక్క ఎడమచేయే మిగిలినప్పుడు కలిగే సంకోచం ఏ వైద్య పత్రంలోనూ నమోదు కాదు. పెళ్లి విందులో బంతిలో కూర్చోవడం మానేయడం, గుడిలో తీర్థం తీసుకునేటప్పుడు వెనక్కి తగ్గడం, శుభలేఖ ఎడమచేత్తో అందుకోవలసి వస్తుందని ముఖం చాటేయడం, ఇవి గాయం తాలూకు లక్షణాలు కావు గానీ గాయం తెచ్చిన మార్పులే.

స్త్రీల విషయంలో జడ వేసుకోవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, లంగా బొందు బిగించడం, గోరుచిక్కుళ్లు తుంచడం, పసిబిడ్డను ఎత్తుకుంటూ తలుపు తీయడం ఒంటిచేత్తో జరిగే పనులు కావు. మందుల అట్ట నుంచి మాత్ర తీయడం, టూత్‌పేస్టు మూత తిప్పడం, చపాతీ తుంచడం వంటి క్షణాల పనులు నిమిషాల పనులవుతాయి. స్పర్శ లేని చేతికి మరో ముప్పు ఉంది: వేడి గిన్నె తగిలినా తెలియదు, కాలిన వాసనో, బొబ్బో చూసి తెలుసుకోవలసిందే.

ఫొటోల్లో కనిపించని మనిషి గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. గుండీలు పెట్టిన భార్య, వీపు రుద్దిన తల్లి, ఫిజియోథెరపీకి బండి మీద తీసుకెళ్లిన తమ్ముడు చాలాసార్లు ఫ్రేము బయటే ఉంటారు. సంపాదించే చేయి ఆగిపోయిన ఇంట్లో పనుల పంపకం తారుమారవుతుంది. గాయపడినవారిలో యువకులే ఎక్కువ కనుక పెళ్లి, తండ్రి స్థానం, స్నేహితుల మధ్య గౌరవం వంటి ప్రశ్నలు కూడా తలెత్తుతాయి. వైద్యుడు అడగడానికి తటపటాయించే వాటిని రోగి తన ఫొటో ద్వారా తానే ఎత్తిచూపగలడు. ఎత్తకుండా ఉండే హక్కు కూడా అతనిదే.

ఫొటోలు కష్టాలకే పరిమితం కావు. ఒంటిచేత్తో కూరగాయలు తరగడానికి మేకు కొట్టిన పలక, పళ్లతో పట్టి కట్టుకున్న చేతి పట్టీ, ఎడమచేత్తో రాసిన మొదటి సంతకం వంటివి రోగులు తమంతట తాము కనిపెట్టిన మార్గాలు. ఆక్యుపేషనల్ థెరపిస్టులకు ఇవి పాఠ్యపుస్తకంలో దొరకని సమాచారం. ఒకరి ఉపాయం మరొకరికి పనికివస్తుంది.

ఫొటో ఎవరి ఆస్తి?

రోగుల ఫొటోలకు మరో చరిత్ర కూడా ఉంది. అది అంత గర్వించదగినది కాదు. కుష్ఠు కూడా ప్రధానంగా నరాలను దెబ్బతీసే వ్యాధే. వేళ్లు వంకరపోవడం, స్పర్శ పోవడం, తెలియకుండా గాయాలవడం నరాలు చెడటం వల్ల వచ్చేవే. నిజామాబాద్ సమీపంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కృషితో 1915లో కుష్ఠు వైద్యశాల వెలసింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940ల చివర నుంచి స్నాయువులను మార్చి అమర్చి కుష్ఠు రోగుల చేతులకు కదలిక తెచ్చారు. దేశస్థాయిలో ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించినట్లు 2005 చివరి నాటికి ప్రకటించినా, ఆ తర్వాత కూడా కేసులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఈ చరిత్ర పొడవునా రోగుల చేతుల ఫొటోలు లెక్కలేనన్ని తీశారు. వాటిని తీసింది వైద్యులు, దాతలను కోరే సంస్థలు. ఆ చేతుల యజమానులకు ఆ ఫొటోల మీద మాట చెల్లలేదు.

కెమెరా చేతులు మారినంత మాత్రాన సమస్య తీరదు. కోల్‌కతాలోని సోనాగాచి పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పడం ఇతివృత్తంగా 2004లో వచ్చిన "బోర్న్ ఇన్‌టు బ్రాథెల్స్" డాక్యుమెంటరీకి ఆస్కార్ దక్కింది; దానితో పాటు ఆ పిల్లల, వారి తల్లుల గోప్యతపై విమర్శలూ వచ్చాయి. అందుకే అనుమతి ఒకసారి తీసుకుంటే చాలదన్నది ఈ పద్ధతిలో మౌలిక నియమం. పాల్గొనడానికి ఒక అనుమతి, ప్రతి ఫొటోను ఎక్కడ, ఎవరికి చూపవచ్చో మరో అనుమతి, ఫొటోలో ఉన్న ఇతరుల అనుమతి విడివిడిగా ఉండాలి. ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు పరిశోధనలకు నైతిక సంఘం ఆమోదాన్ని తప్పనిసరి చేస్తున్నాయి. కర్మాగారాల్లో ఫొటోలపై ఆంక్షలు ఉంటాయి కనుక పనిచోటును చూపాలనుకునేవారు ముందుగా అనుమతి పొందాలి. లేదా గీసి చూపవచ్చు, మాటల్లో చెప్పవచ్చు.

ధ్రువపత్రం, పరిహారం, ఉద్యోగం

ఈ ఫొటోల వల్ల అసలు ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు చట్టం దగ్గర ఒక జవాబు దొరుకుతుంది. వైకల్య ధ్రువపత్రం కోసం చేతిని అంచనా వేసే జాతీయ మార్గదర్శకాల్లో కదలిక, కండర బలంతో పాటు సమన్వయ పనులు కూడా భాగం. తలపై ఉన్న వస్తువును అందుకోవడం, ముక్కు తాకడం, చేత్తో భోజనం చేయడం, తల దువ్వి జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, కాలకృత్యాల తర్వాత శుభ్రపరచుకోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, గుండీలు పెట్టుకోవడం, బొందు లేదా ధోవతి కట్టుకోవడం, రాయడం, ఇలా పది పనులకు ఒక్కోదానికి 9 శాతం చొప్పున విలువ ఇచ్చారు. అంటే రోజువారీ జీవితమే కొలమానంగా ఉండాలన్న ఆలోచన మార్గదర్శకాల్లోనే ఉంది. కొద్ది నిమిషాల పరీక్షలో ఒకసారి గుండీ పెట్టగలిగిన వ్యక్తి, ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఉదయం అది చేయగలడా అన్నది మాత్రం అక్కడ తేలదు.

రోడ్డు ప్రమాద పరిహారం విషయంలో సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో కీలకమైన తేడాను స్పష్టం చేసింది. వైకల్య శాతం, సంపాదన శక్తిలో నష్టం ఒకటి కావని తెలిపింది. గాయం తర్వాత బాధితుడు ఏ పనులు చేయగలడు, ఏవి చేయలేడు అన్నది ముందుగా తేల్చాలని, ఆపై అతని వృత్తిని పరిగణించాలని సూచించింది. కుడిచేయి పోయిన గుమాస్తాకూ, వెల్డర్‌కూ వైకల్య శాతం ఒకటే కావచ్చు. నష్టం ఒకటి కాదు. ఫొటోలు తమంతట తాము తీర్పును మార్చకపోవచ్చు. కానీ ఏ పని ఆగిపోయిందో గుర్తుచేసుకుని, క్రమంగా చెప్పడానికి బాధితుడికి అవి తోడ్పడతాయి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపై వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. భిలాయ్ వంటి పట్టణానికి ఇంకా దగ్గరి అంశం 20వ సెక్షన్‌లోని నాలుగో ఉపనిబంధన. దాని ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఉన్న పనికి పనికిరాకపోతే అదే వేతనంతో, అవే ప్రయోజనాలతో వేరే పోస్టుకు మార్చాలి; అదీ లేకపోతే అదనపు పోస్టులో కొనసాగించాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి కనుక ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ ఉద్యోగులకు ఈ రక్షణ వర్తిస్తుంది.

అదే ఆవరణలో ప్రైవేటు కాంట్రాక్టరు కింద పనిచేసే కార్మికుడికి ఈ నిబంధన అండ లేదు. పనిలో గాయమైతే ఉద్యోగుల రాజ్య బీమా లేదా ఉద్యోగుల పరిహార నిబంధనల కింద అతనికి దక్కేది సంపాదన శక్తి నష్టం శాతాన్ని బట్టి లెక్కగట్టే సొమ్ము. ఉద్యోగం మాత్రం తిరిగి దక్కుతుందన్న హామీ లేదు. ఒకే రకం గాయం, పక్కపక్కనే పనిచేసిన ఇద్దరిని రెండు వేర్వేరు జీవితాల్లోకి నెడుతుంది. ఎక్స్‌రే ఈ తేడా చూపదు. గాయమైన ఏడాది తర్వాత ఆ ఇద్దరూ తీసే ఫొటోలు చూపగలవు.

పరిమితులు

ఫొటో నిజం చెబుతుందన్న నమ్మకాన్ని కొంత అదుపులో పెట్టుకోవాలి. పది మంది అనుభవం నుంచి వెయ్యి మందికి వర్తించే శాతాలు తేలవు. మొద్దుబారిన వేలు, నిద్ర పట్టని రాత్రి ఫొటోకు చిక్కవు. వాటికి గుర్తుగా మరేదో చూపవలసి వస్తుంది. తన బలహీనతను చూపడం ఇష్టం లేనివారు బాగున్న రోజునే ఫొటో తీస్తారు. కొందరికి ప్రమాదం జరిగిన చోటును మళ్లీ చూడటమే గాయాన్ని రేపుతుంది; అలాంటి వేళ మానసిక నిపుణుల తోడు అవసరం. నరాల స్థితిని తేల్చే విద్యుత్ పరీక్షలకు, స్కాన్లకు, అనుభవజ్ఞుడైన వైద్యుడి చేతి పరీక్షకు ఫొటో ప్రత్యామ్నాయం కాదు. అవి చెప్పని దాన్ని చెప్పడమే దాని పాత్ర.

ఈ పద్ధతిలో తరచూ జరిగే లోపం అయిదో ప్రశ్న దగ్గర ఆగిపోవడం. ప్రదర్శన పెట్టి, చప్పట్లు కొట్టి, ఫొటోలను మడిచి దాచేస్తే పాల్గొన్నవారికి మిగిలేది అలసటే. యునాన్ మహిళల ఫొటోలు అధికారుల దాకా వెళ్లాయి కనుకే అవి నేటికీ ఉదాహరణగా నిలిచాయి. అధికారం ఉన్నవారిని మొదటి నుంచే శ్రోతలుగా కూర్చోబెట్టాలన్నది వాంగ్, బరిస్ సూత్రాల్లో ఒకటి.

కార్మికులు తమ ఆరోగ్యం గురించి తామే మాట్లాడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. భిలాయ్‌కు ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరాలో గని కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వంలో 1983లో సొంత చందాలతో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టుకున్నారు. నాడు అందుకు ఇటుకలు, చందా, శ్రమ కావలసి వచ్చాయి. గాయం తర్వాతి జీవితాన్ని నమోదు చేసే పనికి నేడు కావలసిన పరికరం చాలా ఇళ్లలో ఇప్పటికే ఉంది. కావలసింది ఫొటోలు చూసి ఆ అయిదు ప్రశ్నలు అడిగే సమయం, తెలుగులో చెప్పినా, హిందీలో చెప్పినా ఓపిగ్గా రాసుకునే మనిషి, ఆ జవాబులను వైద్య బోర్డు, యాజమాన్యం, కుటుంబం ముందు పెట్టగల ఏర్పాటు. మూడు నుంచి ఆరు నెలల గడువు ఎంత విలువైనదో కొత్తగా గాయపడిన వ్యక్తికి చెప్పాలంటే, ఆ గడువు దాటిపోయిన మరో కార్మికుడు తన ఇంట్లో తీసిన ఫొటో కన్నా బలమైన సాక్ష్యం దొరకడం కష్టం.